బూడిదరంగు కాగితం

కొంరవ్వ మూట విప్పింది.
పదకొండు రూపాయలు, నిజాం నాటివి.
నలభై ఏండ్లు మెడల వేలాడి
పేరు తెగినంక డబ్బాలకు పోయినవి.
కొనేటాయన కరీంనగర్ల ఉంటడట,
ముందుగాల ఫొటోలు పంపుమన్నడట,
"ఉన్న రంగు ఉన్నట్టు రావాలె,
ఇసుమంత మారినా బేరం లేద"న్నడట.

కుమార్‌పల్లిల మెట్లెక్కితే మా స్టూడియో.
ఇరవై ఆరేండ్లుగ మనుషుల మొఖాలు తీస్తున్న.
రూపాయి మొఖం ఎంతలే అనుకున్న.

మొదటి ఫొటోల నేనే పడ్డ.
నా నారింజ చొక్కా
నాణెం అంచు పొడుగునా, ఎండిన పసుపు లెక్క.
చొక్కా విప్పి నల్ల బనీను తొడిగిన.
రెండోదాంట్ల ట్యూబులైటు పాకింది:
కిటికీ దిక్కు నీలం, గోడ దిక్కు పాచి.
ఒక్క వెండికి ఇద్దరు సూర్యులైతే
కెమెరా ఎవల్ని నమ్ముతది?
లైటు ఆర్పిన.
ఎదురింటోళ్ళు కొత్తగ వేసిన గులాబి సున్నం
కిటికీలకెళ్ళి తొంగిచూస్తుంటే
థర్మాకోల్ ముక్క అడ్డం పెట్టిన.

"గింత తతంగమా బిడ్డా, రూపాయికి?"
స్టూలు మీద కాళ్ళు ముడుచుకొని కొంరవ్వ.

పటాలు కట్టే అద్దం ఒకటి తీసి
నాణెం మీద ఏటవాలుగ నిలబెట్టిన.
వెలుగు అద్దానికి తగిలి
బొక్కెన బావిలకు దిగినట్టు నిలువుగ దిగింది.
రంగు వచ్చింది. నిజంగనే వచ్చింది.
నడుమ మబ్బు పట్టిన వెండి,
అంచులకు వంకాయ తొక్క,
అక్షరాల సందులల్ల చెమట నలుపు.
కాని చార్మినార్ చదునైపోయింది,
రోకలి కింది అటుకు లెక్క.

అద్దం తీసేసి
దీపాన్ని బల్ల అంచు దాకా దించిన.
మినార్లు లేచినయి.
గుమ్మంల చిన్న ఉర్దూ అక్షరం
నిద్ర లేచి కూసున్నది.
ఈసారి రంగు పారిపోయింది,
సగం బొగ్గు, సగం మెరుపు.

పాలిచ్చే బర్రె తన్నుతదన్నట్టు
రూపమిచ్చే దీపం రంగును తంతది.
పగటీలి దాకా దాన్ని
వేలెడంత అటు, వేలెడంత ఇటు జరుపుకుంట,
దాని మొఖానికి పలుచటి తెల్ల కాగితం కట్టి,
విప్పి, మళ్ళ కట్టి.

పదకొండిట్ల ఒక్కటి తళతళ మెరుస్తున్నది.
"మనుమడు చింతపండు పెట్టి తోమిండు.
మంచిగున్నది గదా?"
మంచిగనే ఉన్నది.
ఏ దిక్కు దీపం పెట్టినా
కడిగిన పళ్ళెం తప్ప ఏం రాలే.

ఆఖరికి, సంచి అడుగునుంచి
బూడిదరంగు కాగితం తీసిన.
నాణెం పక్కన పెట్టి కెమెరాకు చెప్పిన:
ఇగో, ఇది బూడిద.
దీన్ని బట్టి మిగిలినయి ఎరుక చేసుకో.

ఆ కాగితం అంచులు నలగలే.
ఇరవై ఆరేండ్లల్ల ఎన్నిసార్లు తీసిన దాన్ని?
పెండ్లిచూపుల ఫొటోలకు దానితోటి పనేముంది.
చామనఛాయను రెండు మెట్లెక్కించుడు,
మరీ బతిమాలితే మూడు.
పరకాల నుంచి సుగుణ అనే పిల్ల వచ్చింది ఒకసారి,
కంప్యూటర్ల తన బొమ్మ చూసి
"ఈమె ఎవలన్నా?" అని నవ్వింది.
వాళ్ళమ్మ నవ్వలే. నేను నవ్వలే.
పన్నెండు కాపీలు కడిగిచ్చిన.

కొంరవ్వ తెర మీదికి వంగింది.
చార్మినార్ చూడలే, అక్షరం చూడలే.
మొలతాడంత సన్నగ ఉన్న ఆ నల్లగీత మీద
వేలు పెట్టి రుద్దింది, పోతదేమోనని.
పోలే.
"గిది నా మెడదే," అన్నది.

పది ఫొటోలు పంపిన.
తోమినదాన్ని మనుమనికే ఉంచుకుంటనని
కొంగుకు ముడేసుకొని మెట్లు దిగింది.

పొద్దుగూకే యాళ్ళకు
తల్లీ బిడ్డా పైకొచ్చిండ్రు, చేతుల పట్టుచీర కవరు.
"జర తెల్లగ రావాలె అన్నా," అన్నది తల్లి.
పిల్ల నేల చూస్తున్నది.
కూసోండ్రి అన్న.
బల్ల మీది కాగితం ఇంకా సంచిల పెట్టలే.
స్విచ్చి మీదికి పోయిన చెయ్యి
అక్కడ్నే కొంచెంసేపు ఆగింది.